పళ్ళెంలో అన్నం, గ్లాసులో చక్కెర: బరువుపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బరువు తగ్గడం గురించే ఉన్నాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఏడింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 46 ఏళ్ళు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. అన్నం వల్లనే లావవుతున్నానని అందరూ అంటుంటే, రెండు నెలలుగా రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తింటున్నాను. మధ్యాహ్నం భోజనం మామూలే. అయినా బరువు కిలో కూడా తగ్గలేదు. అన్నం పూర్తిగా మానేయమంటారా?
– గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: అన్నం పూర్తిగా మానవలసిన అవసరం లేదమ్మా. మీరు చేసిన మార్పు ఎందుకు ఫలించలేదో ముందు చూద్దాం. వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 130 కేలరీలు ఉంటాయి. 35 గ్రాముల గోధుమపిండితో చేసిన చపాతీ ఒక్కొక్కదానిలో 120 కేలరీల దాకా ఉంటాయి. కాల్చేటప్పుడు చిన్న చెంచాడు నూనె వేస్తే మరో 45 చేరతాయి. అటువంటివి మూడు తింటే దాదాపు 500 కేలరీలు లోపలికి వెళ్ళినట్టే. 380 గ్రాముల అన్నం తిన్నా లెక్క అంతే వస్తుంది. ధాన్యం మారింది గాని, శరీరానికి అందే శక్తి తగ్గలేదు. చపాతీలోకి బంగాళాదుంప కుర్మా చేసుకుంటూ ఉంటే, బహుశా కొంత పెరిగి కూడా ఉంటుంది.

అన్నం దగ్గర అసలు చిక్కు మన వడ్డన పద్ధతిలో ఉంది. మన భోజనంలో అన్నం ఒక్కసారి పెట్టుకునేది కాదు. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, పులుసులోకో చారులోకో కొంత, చివర పెరుగులోకి కొంత పెట్టుకుంటాం. కూర మిగిలిందని కాస్త అన్నం, అన్నం మిగిలిందని కాస్త కూర వేసుకుంటూ పోతే ఎంత తిన్నామో మనకే తెలియదు. అందుకని అన్నం గిన్నెను వంటగదిలోనే ఉంచి, ఆ పూట తినదలచుకున్న అన్నమంతా మొదటే కంచంలో పెట్టుకుని, దానినే పప్పుకూ కూరకూ చారుకూ పెరుగుకూ పంచుకోండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుకు నిండుగా బియ్యం కొలిస్తే సుమారు 150 గ్రాములు ఉంటుంది. అది ఉడికితే 400 గ్రాముల అన్నం అవుతుంది. మీ పూట వాటా అందులో సగం లోపు, అంటే 150 నుంచి 200 గ్రాముల మధ్య ఉంటే చాలు. మొదటి వారం వంటింటి త్రాసులో తూచుకోండి. ఆ తరువాత మీ కంటికే కొలత పట్టుబడుతుంది.

అన్నం తగ్గించిన చోటును ఖాళీగా వదిలేస్తే నాలుగింటికల్లా ఆకలి వేసి, జంతికల డబ్బా దగ్గరకు చెయ్యి వెళ్తుంది. ఆ చోటు కూరలతోనూ పప్పుతోనూ నిండాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, 2,000 కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి రోజుకు ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం వంటివి 85 గ్రాములు కావాలి. వండకముందు తూచిన బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు సరిపోతాయి. మన ఇళ్ళలో అరకిలో దొండకాయలు తెచ్చి నలుగురికి రోజంతా సరిపెడతారు. అంటే మనిషికి 125 గ్రాములు. మీ కాలనీలోనే రైతుబజారు ఉంది కనుక ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర, బచ్చలి తెచ్చుకోవడం మీకు కష్టం కాదు. కూర చేసేటప్పుడు ఇప్పుడు చేసే దానికి రెట్టింపు చేయండి, కాని నూనె మాత్రం పెంచవద్దు.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బరువు తగ్గాలనుకునేవారు అన్నాన్ని అనుమానిస్తారు గాని నూనె డబ్బా వైపు చూడరు. పిండి పదార్థంలోనూ మాంసకృత్తులలోనూ గ్రాముకు 4 కేలరీలు ఉంటే, నూనె, నెయ్యి, వెన్న ఏదైనా సరే గ్రాముకు 9 కేలరీలు ఉంటాయి. అదే మార్గదర్శకాలలో పైనుంచి వేసుకునే కొవ్వు రోజుకు మనిషికి 27 గ్రాములు అని ఉంది. నలుగురున్న ఇంటికి నెలకు లెక్కవేస్తే సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంటి కిరాణా చీటీ తీసి, నెలకు ఎన్ని లీటర్లు కొంటున్నారో చూడండి. ఆరు లీటర్లు కొంటున్నారనుకుంటే, అదనంగా ఉన్న రెండున్నర లీటర్లు ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 170 కేలరీలు చేరుస్తున్నాయన్నమాట. ఈ 170 కేలరీల వల్ల మీ కడుపు నిండలేదు, రుచి కూడా పెద్దగా పెరగలేదు. ఆకలికి తెలియకుండా లోపలికి వెళ్ళేవాటిని ముందు తగ్గించుకోవడమే బరువు విషయంలో నేను అందరికీ చెప్పే మాట. పోపుకు నూనెను డబ్బాలోంచి నేరుగా వంపకుండా చెంచాతో కొలిచి వేయండి. వంకాయ, బెండకాయ వేపుళ్ళకు బదులు ముక్కలను మూతపెట్టి మగ్గనిచ్చి, చివర పోపు పెట్టండి. ఆవకాయ మీద తేలే నూనె కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

మన దేశంలో వైద్యులు వాడే కొలతల ప్రకారం బీఎంఐ (కిలోలలో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మీది 32. నడుము చుట్టుకొలత ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. ఇది చూసి భయపడవద్దు. ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు, అంటే మీ విషయంలో 4 నుంచి 8 కిలోలు తగ్గినా రక్తపోటుకూ చక్కెరకూ మేలు జరుగుతుంది. వారానికి అరకిలో చొప్పున తగ్గితే మంచి వేగమే. ఒకసారి థైరాయిడ్, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించుకోండి. మధుమేహానికి ఇప్పటికే మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారైతే వైద్యుడికి చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. మందు మోతాదు అలాగే ఉండి ఆహారం తగ్గితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

ప్రశ్న: నేను రుషికొండ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాను. వయసు 29. తిండి ఎక్కువగా తిననని మా అమ్మే అంటుంది. రోజుకు ఐదు టీలు, రాత్రి బిర్యానీ ఏదైనా తెప్పించుకుంటే ఒక కూల్ డ్రింక్, సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్ళినప్పుడు చెరకు రసం తాగుతాను. మూడేళ్ళలో 11 కిలోలు పెరిగాను. పొద్దున్నే నిమ్మరసం, తేనె తాగితే కొవ్వు కరుగుతుందా? గ్రీన్ టీ మంచిదా?

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. మీరు తింటున్నదాని గురించి ఒక్క మాటే రాశారు. మిగిలినదంతా తాగుతున్నదాని గురించే. టీలో రెండు చిన్న చెంచాల చక్కెర వేస్తారనుకుంటే, ఐదు టీలకు పది చెంచాలు, అంటే 45 నుంచి 50 గ్రాములు. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్‌లో 30 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది. పెద్ద గ్లాసు చెరకు రసంలోనూ 30 గ్రాములకు మించే ఉంటుంది. మూడూ తాగిన రోజున 100 గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2,000 కేలరీల ఆహారానికి 50 గ్రాములు; 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని కూడా ఆ సంస్థే చెబుతుంది. టీలో వేసే పాలు ఈ లెక్కలో లేవు.

ద్రవ రూపంలో వెళ్ళే చక్కెరకు ఒక దుర్గుణం ఉంది. నాలుగు వందల కేలరీల ఇడ్లీ సాంబారు తింటే మళ్ళీ మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అంతే శక్తిని పానీయాలుగా తాగితే కడుపు దానిని భోజనంగా గుర్తించదు. ఆ తరువాత తినే తిండి ఏమీ తగ్గదు. అందుకే "నేను ఎక్కువగా తినను" అన్న మాట నిజమే అయినా బరువు పెరుగుతూ ఉంటుంది. మీ అమ్మగారు చూసేది కంచం మాత్రమే కదా.

టీ మానవద్దు. చక్కెరను ఒక్కసారిగా తీసేస్తే మూడో రోజుకే విసుగు పుట్టి పాత అలవాటుకు వెళ్ళిపోతారు. మొదటి రెండు వారాలు రెండు చెంచాలను ఒకటిన్నర చేయండి, తరువాతి రెండు వారాలు ఒకటి, ఆ తరువాత అర. కొన్ని వారాలకు నాలుక అలవాటు పడుతుంది. అప్పుడు పాత టీ తాగితే పాకంలా అనిపిస్తుంది. బయట టీ కొట్టు దగ్గర చక్కెర ముందే కలిపి మరిగిస్తారు గనుక, విడిగా చేయించుకోవడం వీలుకాకపోతే ఐదింటిని రెండు చేయడమే దారి. మిగిలిన మూడు సార్లు పాలూ చక్కెరా లేని కాఫీ తాగవచ్చు. అరకు కొండల మీద పండే మంచి కాఫీ మనకు దగ్గరలోనే దొరుకుతుంది, పాలు లేకుండా తాగడానికి అది బాగుంటుంది, దానిలో లెక్కించదగ్గ కేలరీలు ఉండవు. అయితే సాయంత్రం తరువాత కాఫీ తాగితే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు ఆకలి పెరుగుతుంది.

సముద్రం పక్కన ఉన్న ఊరు గనుక ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, దాహం ఊరికే వేస్తుంది. దాహానికి నీళ్ళే మందు. వెన్న తీసిన పలుచని మజ్జిగలో అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసుకుంటే రుచీ ఉంటుంది, కేలరీలూ తక్కువే. కొబ్బరి బొండంలో 250 మిల్లీలీటర్ల నీళ్ళుంటే 50 కేలరీల చిల్లర. చెరకు రసానికి బదులు దానిని ఎంచుకోండి. లేత కొబ్బరి తినడం మాత్రం వేరే లెక్క, అది కొవ్వు పదార్థమే. చక్కెర లేని డైట్ పానీయాలు వాడవచ్చా అని కొందరు అడిగారు. బరువు తగ్గడం కోసం కృత్రిమ తీపి పదార్థాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది; నాలుకకు తీపి అలవాటు తగ్గకపోవడం నాకు కూడా నచ్చని విషయం.

నిమ్మరసం కొవ్వును కరిగించదు, తేనె అసలే కరిగించదు. పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీలు ఉంటాయి. గ్రీన్ టీ ప్రభావం బరువు మీద చాలా స్వల్పం. పాలూ చక్కెరా వేసిన టీకి బదులుగా తాగితే, మీకు కలిగే లాభం ఆ చక్కెర మానినందువల్ల వచ్చేదే.

ప్రశ్న: మా వారు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. రాత్రి డ్యూటీ వారంలో ఎప్పుడు పెట్టాలో, ఏం పెట్టాలో తెలియడం లేదు. ఎనిమిదింటికి తిని వెళ్తారు, అర్ధరాత్రి పునుగులో సమోసాలో తింటారు, పొద్దున్న వచ్చి పూరీలు తిని పడుకుంటారు. సెలవు రోజున స్నేహితులతో కలిసి తాగడం కూడా ఉంది. బరువు 92 కిలోలు.
– కూర్మన్నపాలెం

జవాబు: రాత్రి మేలుకుని పని చేసేవారికి బరువు తగ్గడం పగటి ఉద్యోగుల కంటే కష్టం, ఇది మీ వారి క్రమశిక్షణకు సంబంధించిన లోపం కాదు. మన శరీరంలోని గడియారం రాత్రివేళ పిండి పదార్థాలను సరిగా వాడుకోలేదు. అదే అన్నం పగలు తిన్నప్పటి కంటే రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. దానికి తోడు నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరిగి, కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది. అటువంటి రోజుల్లో మనసు సహజంగానే నూనె వంటకాల వైపూ తీపి వైపూ పోతుంది.

అసలైన భోజనం డ్యూటీకి బయలుదేరే ముందే జరగాలి. అన్నం కొలతలోనే పెట్టి, పప్పు, కూర, గుడ్డు లేదా చేప పుష్కలంగా పెట్టండి. అర్ధరాత్రికి ఇంటి నుంచే ఒక డబ్బా పంపండి. ఉడికించిన శనగలో అలసందలో ఒక గుప్పెడు, రెండు ఉడికించిన గుడ్లు, ఒక జామకాయ, సీసాడు మజ్జిగ ఉంటే పునుగుల వైపు మనసు పోదు. డబ్బా చేతిలో లేనప్పుడే మనిషి దొరికింది తింటాడు, ఆ వేళలో దొరికేది దాదాపు ఎప్పుడూ నూనెలో వేగినదే. వేడి కొలుముల దగ్గర పని చేసేవారైతే చెమటతో నీళ్ళూ ఉప్పూ పోతాయి గనుక మజ్జిగలో ఉప్పు తగ్గించవద్దు. రక్తపోటు ఉంటే మాత్రం వైద్యుడిని అడిగి వేయండి.

పొద్దున్న ఇంటికి వచ్చాక ఆకలితో పడుకోమనడం న్యాయం కాదు. అలాగని పూరీలు తిని వెంటనే పడుకోవడమూ మంచిది కాదు. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీలు రెండు మూడు, సాంబారుతో పెట్టండి. పల్లీ చట్నీ గిన్నెతో కాకుండా చెంచాతో వేయండి, ఎందుకంటే ఆ పూట నూనె గింజల శక్తి అంతా అక్కడే ఉంటుంది. లేదంటే మన పెద్దవాళ్ళు తాగిన చోడి (రాగి) అంబలి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగితే హాయిగా నిద్ర పడుతుంది. గదిలో వెలుతురు రాకుండా తెరలు కట్టి, ఇంట్లో పిల్లలను ఆ నాలుగైదు గంటలు నెమ్మదిగా ఉండమనండి. మీ వారి బరువు విషయంలో ఆ నిద్రకు ఆహారంతో సమానమైన విలువ ఉంది.

మద్యం గురించి ఇంకొక మాట. ఆల్కహాలులో గ్రాముకు 7 కేలరీలు ఉంటాయి, కొవ్వు తరువాత అంత శక్తి ఉన్నది అదే. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 130 కేలరీలు, పెద్ద బీరు సీసాలో 250 కేలరీలకు పైన ఉంటాయి. పక్కన పెట్టుకునే చికెన్ పకోడీ, జీడిపప్పు వేపుడు కలిపితే ఒక్క సాయంత్రంలో ఒక పూర్తి రోజు తిండి అయిపోతుంది. మానేస్తే అన్ని విధాలా మేలు. మానలేని రోజున, భోజనం చేసి వెళ్ళమని, నంజుకోవడానికి కీర దోస, ఉడికించిన పల్లీలు కొద్దిగా తీసుకోమని చెప్పండి.

ప్రశ్న: పదవీ విరమణ చేశాను, వయసు 66. రోజూ ఉదయం బీచ్ రోడ్డులో గంటసేపు నడుస్తాను. నడక తరువాత మిత్రులతో కలిసి మసాలా దోసె, కాఫీ అలవాటు. చక్కెర మానేసి అనకాపల్లి బెల్లం వాడుతున్నాను, అన్నానికి బదులు సామలు, కొర్రలు తింటున్నాను. ఏడాదిగా బరువు మారలేదు. ఎక్కడ పొరపాటు?
– సీతమ్మధార

జవాబు: మీ వయసులో రోజూ గంటసేపు నడవడం గొప్ప అలవాటు, దానిని ఏ కారణం చేతనూ వదలవద్దు. కాని 70 కిలోల మనిషి గంటసేపు చురుకుగా నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీల చుట్టుపక్కల మాత్రమే. నూనె వేసి కాల్చిన దోసె, లోపల బంగాళాదుంప, కొబ్బరి చట్నీ, పాలు చక్కెర వేసిన కాఫీ కలిపితే అంతకు మించే తిరిగి వస్తుంది. మిత్రుల సహవాసం మీకు అవసరం గనుక ఆ కూటమిని మానమనను. వారానికి ఒక రోజు దోసె ఉంచుకుని, మిగిలిన రోజుల్లో ఇడ్లీ తినండి, లేదా కాఫీతో సరిపెట్టి ఇంటికి వచ్చి ఫలహారం చేయండి.

బెల్లంలో 100 గ్రాములకు 380 కేలరీల దాకా, చక్కెరలో 400 ఉంటాయి. తేడా అంతే. బెల్లం మంచిదన్న నమ్మకంతో ఒక ముక్క ఎక్కువ వేసుకుంటే ఆ తేడా కూడా పోతుంది. చిరుధాన్యాలది కూడా ఇంచుమించు ఇదే లెక్క. వాటిలో పీచు ఎక్కువ గనుక త్వరగా ఆకలి వేయదు, చోళ్ళలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం (కాల్షియం) ఉండటం ఎముకలకు మేలు. కాని శక్తి మాత్రం బియ్యంతో దాదాపు సమానమే. బియ్యాన్ని కొలిచినట్టే సామలనూ కొలవాలి.

మీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మరొకటి. అరవై దాటినవారు తిండి తగ్గించి బరువు తగ్గితే, కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. దానివల్ల కాళ్ళ బలం తగ్గి కింద పడే ప్రమాదం పెరుగుతుంది. మూత్రపిండాల జబ్బు లేకపోతే ప్రతి పూటా పప్పు, పెరుగు, గుడ్డు, చేప, సోయా వీటిలో ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. వారానికి రెండు మూడు సార్లు చేతి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడను నెట్టడం వంటి బలం పెంచే వ్యాయామాలు చేయండి. మీ వయసులో బరువు యంత్రం కంటే నడుము చుట్టుకొలతే నమ్మకమైన గుర్తు.

ప్రశ్న: మేము జాలారిపేటలో ఉంటాం. మా ఇంట్లో చేపలు లేని రోజు ఉండదు. లావుగా ఉన్నవారు కొవ్వు ఉన్న చేపలు తినకూడదని ఒకరు చెప్పారు. కవళ్ళు, కానాగంతలు మానేయాలా?

జవాబు: మానేయవద్దు. ఊరు ఊరంతా మీ ఇళ్ళ వైపు చూసి నేర్చుకోవలసిన తిండి అది. కవళ్ళలో, కానాగంతలలో ఉండే ఒమేగా-3 కొవ్వు గుండెకు మేలు చేసేది. 100 గ్రాముల చేపలో ఇంచుమించు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి గనుక కడుపు నిండి చాలాసేపు ఆకలి వేయదు. వంజరం, చందువా కొనలేని రోజున చవకగా దొరికే కవళ్ళు పోషణలో వాటికి తీసిపోవు.

బరువు పెరిగేది చేప వల్ల కాదు, వండే తీరు వల్ల. పిండి పట్టించి నూనెలో ముంచి వేపితే చేప ఎంత నూనె పీల్చుతుందో చెప్పలేం. పెనం మీద చెంచాడు నూనెతో, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చుకోండి, లేదా పులుసు పెట్టుకోండి. పులుసు దగ్గర జాగ్రత్త వేరు. చింతపండు పులుసు కలిపితే అన్నం తెలియకుండా దిగిపోతుంది గనుక అన్నం కొలిచి పెట్టుకుని ముక్కలు ఎక్కువ వేసుకోండి. ఎండుచేపల్లో, ఎండు మెత్తళ్ళలో ఉప్పు చాలా ఎక్కువ. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములకు మించకూడదు గనుక వాటిని నానబెట్టి, రెండు మూడు సార్లు కడిగి, అప్పుడప్పుడు మాత్రమే వండుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్ళు, ఎత్తు 158 సెంటీమీటర్లు. 56 కిలోలు ఉండేది. లావుగా ఉన్నానని, ఒకరి దగ్గర పొడి డబ్బా కొని రెండు పూటలా అది కలుపుకుని తాగుతూ, ఒక్క పూటే తింటోంది. నాలుగు నెలల్లో 51 కిలోలకు వచ్చింది. ఇప్పుడు జుట్టు విపరీతంగా రాలుతోంది, నెలసరి కూడా సరిగా రావడం లేదు. తినమంటే ఏడుస్తోంది.
– ఒక తల్లి, గోపాలపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నాకు బాధ కలిగింది. 158 సెంటీమీటర్ల ఎత్తుకు 56 కిలోలు సరైన బరువే. బీఎంఐ 22.4, హద్దు అయిన 23కు లోపలే ఉంది. తగ్గించవలసిన బరువే లేని పిల్ల నాలుగు నెలలుగా తన శరీరాన్ని మాడ్చుకుంటోంది. ఆ పొడిని వెంటనే ఆపించండి. అది తాగినా, తాగకపోయినా రోజుకు ఒక్క పూట భోజనంతో ఈ వయసు పిల్ల నిలబడలేదు.

ఆహారం ఒక్కసారిగా తగ్గితే రెండు మూడు నెలల తరువాత జుట్టు రాలడం మొదలవుతుంది. మాంసకృత్తులు, ఇనుము చాలకపోవడం అందుకు సామాన్య కారణం. శరీరానికి అందే శక్తి బాగా తగ్గినప్పుడు నెలసరి తప్పడం కూడా జరుగుతుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కనుక హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించి, స్త్రీల వైద్యురాలికి తప్పక చూపించండి. తిండి పేరు ఎత్తితే ఏడుపు రావడం, అద్దం ముందు ఎక్కువసేపు గడపడం, తిన్నది కక్కేయడం వంటివి కనిపిస్తే మానసిక వైద్యుడి సాయం కూడా తీసుకోండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇంట్లో ఎవ్వరూ ఆమె లావు, సన్నం గురించి మాట్లాడకూడదు. పెళ్ళిళ్ళలో బంధువులు అనే మాటలను మీరు అక్కడే ఆపండి. బలవంతంగా కంచం నింపకుండా, అందరూ కలిసి కూర్చుని తినే పూట ఒకటి పెట్టుకోండి. కొద్దికొద్దిగా గుడ్డు, పెసరట్టు, మునగాకు వేసిన పప్పు, నువ్వుల పొడి, పెరుగు అలవాటు చేయండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఆగి తాగమనండి. బరువు యంత్రం ఇంట్లో ఉంటే కొన్నాళ్ళు కంటికి కనిపించకుండా తీసేయండి.

ప్రశ్న: ఆదివారం సాయంత్రం పిల్లలతో బీచ్‌కు వెళ్తాం. బజ్జీలు, ముంత మసాలా, ఐస్‌క్రీమ్ తప్పవు. నేను, నా భార్య బరువు తగ్గాలనుకుంటున్నాం. పిల్లలు తింటుంటే చూస్తూ కూర్చోవాలా?
– అక్కయ్యపాలెం

జవాబు: చూస్తూ కూర్చోవద్దు. వారానికి ఒక సాయంత్రం వల్ల ఎవరూ లావైపోరు, మిగిలిన ఆరు రోజులు ఎలా ఉన్నాయన్నదే చూడాలి. నాలుగింటికి ఇంట్లో ఏదైనా పండో, శనగలో తిని బయలుదేరితే అక్కడ ఆకలి మీద ఆర్డర్లు ఇవ్వరు. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు నిమ్మకాయతో రుద్దించుకుని తినండి. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపిన ముంత మసాలాలో పైన పోసే నూనె, సేవ్ తగ్గించమంటే బండి ఆయన తగ్గించి ఇస్తాడు. ఉడికించిన వేరుశనగలు మంచివే, పొట్లం మాత్రం చిన్నది కొనండి. మిరపకాయ బజ్జీ తినాలనిపిస్తే మీ ఇద్దరికీ కలిపి ఒక ప్లేటు చాలు. నూనె నల్లబడి, నురగ కడుతూ, ఘాటుగా పొగ వస్తున్న బాండీ కనిపిస్తే, అది ఎన్నోసార్లు కాగిన నూనె అని గుర్తుపట్టి పక్క బండికి వెళ్ళండి. ఐస్‌క్రీమ్ పిల్లలకు కొనిపెట్టండి, మీరు వాళ్ళ దగ్గర రెండు చెంచాలు అడిగి తినండి. దాహం వేస్తే కూల్ డ్రింక్ సీసా కొనకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళు తాగి, కారు దగ్గరకు వెళ్ళేలోపు పిల్లలను కూడా కలుపుకుని ఇసుకలో ఒక అరగంట నడవండి.